తృప్తిని జీతంలో కలిపి లెక్కేయకండి

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి. సెప్టెంబరు 5న గురు దివస్. ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు టీచర్లం ఆ వారంలో రెండు సభలకి వెళ్తాం. ఈసారి మొదటి సభలో ఒక పెద్దమనిషి మాట్లాడుతూ, "గిడుగు వారు జీతం చూసుకుని పనిచేశారా? ఈ కాలం టీచర్లకి జీతం మీద తప్ప పిల్లల మీద ధ్యాస లేదు" అన్నారు. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న కాంట్రాక్టు టీచరమ్మాయి కూడా కొట్టింది. ఆ అమ్మాయికి అప్పటికి రెండు నెలలుగా జీతం పడలేదు. బస్సు ఛార్జీలకి అంతకు ముందే నా దగ్గర చేబదులు తీసుకుంది కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు.

ఆ పెద్దమనిషి మాట కంటే ఆ అమ్మాయి చప్పట్లే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. తనకి రావలసిన డబ్బు అడగడం తప్పేమో అని ఆ పిల్ల నిజంగానే నమ్ముతోంది. అలా నమ్మేలా మేమందరం కలిసి చేశాం. సభల్లో చేశాం, ఇళ్లలో చేశాం, స్టాఫ్ రూముల్లో చేశాం.

ఈ పనిలో తృప్తి లేదని నేను అనను. ఇన్నేళ్లు చేశాక అలా అంటే అబద్ధమవుతుంది. నా వాదన ఒక్కటే. ఆ తృప్తిని చూపించి జీతం తగ్గించడం, తగ్గిందని అడిగినవాళ్లని సేవాభావం లేనివాళ్లు అనడం అన్యాయం. కరెంటు లైన్‌మన్ ఊరికి వెలుగు తెస్తున్నాడు కదా, సగం జీతానికే స్తంభం ఎక్కమని ఎవరైనా అడుగుతారా? టీచర్ని మాత్రం అడుగుతారు. అడగడమే కాదు, అది గౌరవం అనుకుంటారు.

ఇంకో సంగతి. ఆ తృప్తి గాలిలోంచి రాదు. టీచరుకి పిల్లాడి పక్కన కూర్చునే తీరిక ఉండాలి. ఇంటద్దె గురించి బెంగ లేని బుర్ర ఉండాలి. వచ్చే ఏడాది కూడా ఇదే బడిలో ఉంటానన్న ధైర్యం ఉండాలి. జీతం తక్కువ ఇచ్చి, పై పనులు నెత్తిన పెడితే ముందు పోయేది ఆ తృప్తే. డబ్బు లేకపోయినా తృప్తి ఉంది కదా అనేవాళ్లు, ఆ రెండోదాన్ని కూడా తామే లాక్కుంటున్నామని చూడటం లేదు.

మహేంద్రతనయకి అటూ ఇటూ

మాకు ఆంధ్రాలోని పాతపట్నం పక్క ఊరే. మధ్యలో మహేంద్రతనయ నది, ఒక రాష్ట్రం సరిహద్దు. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ కలుస్తాయి, కూరగాయలు అటూ ఇటూ వెళ్తాయి. జీతాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గీత పెద్ద గోడ.

ఆంధ్రాలో 2022 పీఆర్సీ ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచరు మూలవేతనం 32,670 రూపాయలతో మొదలవుతుంది. పైన డీఏ, ఇంటద్దె. ఇటు ఒడిశాలో 2023లో 20,000 జూనియర్ టీచరు పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రాసింది నెలకి 11,000. తర్వాత దాన్ని 16,000 చేశారు. చదివించే తరగతులు అవే. పిల్లలు కూడా అలాంటి పిల్లలే, కొన్నిచోట్ల అన్నదమ్ముల బిడ్డలు.

మా వాళ్లని ఎక్కువ బాధపెట్టింది ఆ పోస్టులకి ముందు జరిగింది. 2022 అక్టోబరులో ఒడిశా ప్రభుత్వం కాంట్రాక్టు నియామకాలు ఇక ఉండవని ప్రకటించింది. 57,000 మందికి పైగా ఉద్యోగులు రెగ్యులర్ అయ్యారు. బాణసంచా కాల్చారు, మిఠాయిలు పంచారు. ఏడాది తిరిగేసరికి కొత్త టీచరు పోస్టుల పక్కన 'స్కీమాటిక్' అన్న ముక్క వచ్చి చేరింది. పథకం కింద వేసుకునే పోస్టులు కాబట్టి ఇవి వేరు అన్నారు. సి.టి. అనే టీచరు ట్రైనింగ్ చేసి, ఓటెట్ (ఒడిశా టీచరు అర్హత పరీక్ష) పాసై, పరీక్ష రాసి వచ్చిన పిల్లలకి ఆ ముక్క వల్ల ఎంత తేడా వచ్చిందో మా బడిలోకి వస్తే కనబడుతుంది. ఒకే గదిలో ఇద్దరు టీచర్లు ఉంటారు. చేసే పని ఒకటే. ఒకరి జీతం ఇంకొకరి జీతంలో మూడో వంతు, నాలుగో వంతు.

నదికి అటువైపు అంతా బాగుందని నేను చెప్పడం లేదు. అక్కడ 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ జరిగింది 2025లోనే, 16,347 పోస్టులకి. మధ్యలో ట్రైనింగ్ పూర్తిచేసిన వాళ్లంతా ఏం చేశారు? మా మేనత్త కూతురు ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. జీతం పదివేలు కూడా కాదు, అదీ వేసవి సెలవులకి ఇవ్వరు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. ఇన్ని అడ్మిషన్లు తేకపోతే జూన్‌లో రానక్కర్లేదని ముందే చెప్తారు. "ఒదినా, నేను పాఠం చెప్పడానికి చేరానా, పాలసీలు అమ్మడానికి చేరానా తెలీడం లేదు" అనేది. ఎనిమిదేళ్ల పిల్లాడికి భాగహారం చెప్పడంలో తనంత నేర్పు ఉన్నవాళ్లని నేను చాలా కొద్దిమందినే చూశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తోంది. జీతం అక్కడే ఎక్కువ.

"మీకేటి తక్కువ?"

ఇక్కడ ఒక ఎదురు మాట ఉంది. దాన్ని పక్కన పెట్టి నా వాదన నేను చెప్పుకుపోతే నిజాయితీ అనిపించుకోదు. నేను రెగ్యులర్ టీచర్ని. శిక్షా సహాయక్ అనే కాంట్రాక్టు పోస్టులో చేరి, తర్వాత జూనియర్ టీచరునై, ఆరేళ్లు దాటాక రెగ్యులరయ్యాను. ఇప్పుడు నా జీతం తక్కువ అని నేను అనలేను. మా ఊళ్లో అలా అంటే ఎవరూ ఒప్పుకోరు కూడా.

పోయినేడు మా బడి పిల్లల తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన లేచి ముఖం మీదే అడిగాడు. "మీకేటి తక్కువ టీచరమ్మా? నెల తిరిగితే బ్యాంకులో పడిపోద్ది. మాకు వాన కురవాల, లేదంటే ఐద్రాబాదు పోవాల." ఆయన హైదరాబాదులో అపార్టుమెంట్లు కట్టే చోట సెంట్రింగ్ పని చేస్తాడు. ఏడాదిలో సగం రోజులు ఊళ్లో ఉండడు. ఆ మనిషికి నా దగ్గర జవాబు లేదు. మా బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమెకి వచ్చేది చూస్తే నా జీతం గురించి నోరెత్తడానికే సిగ్గేస్తుంది. ఆమె పొద్దున్నే వచ్చి, పొగలో కూర్చుని, అందరూ తిన్నాక గిన్నెలు తోమి వెళ్తుంది.

ఇంకో ఎదురు మాట కూడా ఉంది. మంచి జీతం తీసుకుంటూ బడికి రానివాళ్లు లేరా? ఉన్నారు. పది గంటలకి సంతకం పెట్టి పదకొండుకి బజార్లో కనబడేవాళ్లు ఉన్నారు. తమ పిల్లల్ని నది అవతల ఇంగ్లీషు మీడియం స్కూలు బస్సు ఎక్కించి, అదే బస్సు వెనకాల స్కూటర్ మీద సర్కారు బడికి వచ్చేవాళ్లు ఉన్నారు. జీతం పెంచగానే మంచి టీచర్లు పుట్టుకొస్తారని నేను చెప్పలేను.

కానీ ఈ రెండు మాటలూ ఎక్కడికి తీసుకెళ్తున్నాయో చూడండి. వంట చేసే ఆమెకి తక్కువ ఇస్తున్నారు కాబట్టి కాంట్రాక్టు టీచరుకి కూడా తక్కువ ఇవ్వాలా? ఆమెకి కూడా పెంచాలి కదా. బడి ఎగ్గొట్టే రెగ్యులర్ టీచరు ఉన్నాడు కాబట్టి బడికి రోజూ వచ్చే కొత్త పిల్లకి అంత తక్కువ ఇవ్వడం ఏం న్యాయం? ఎగ్గొట్టేవాడిని పట్టుకోవలసిన ఆఫీసు వేరే ఉంది. అది తన పని చెయ్యకపోతే ఆ భారం ఈ పిల్ల మీద వేస్తారా? సెంట్రింగ్ పని చేసే ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆయన పిల్లలకి చదువు చెప్పేది మాత్రం ఎక్కువ రోజులు ఆ కాంట్రాక్టు టీచరే. ఆయన పిల్లలకి రావలసిన చదువు కూడా ఆమె జీతంలోనే ఉంది.

చింతపిక్కల కుప్పలు

తృప్తి అంటే ఏమిటో చెప్పకుండా ఇదంతా రాస్తే డబ్బు గొడవలాగే కనబడుతుంది. అందుకే ఒక రోజు సంగతి చెప్తాను.

మా బడికి కొండ మీది ఊళ్ల నుంచి సవర పిల్లలు వస్తారు. ఇంట్లో సవర, సంతలో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు పిల్లలకి రెండే భాషల మధ్య ఇబ్బంది, వీళ్లకి మూడు. అందులో నాలుగో తరగతి పిల్ల ఒకతె ఉండేది. లెక్కల్లో ఎప్పుడూ సున్నా. ఇరవై దాటిన ఏ అంకె చెప్పి రాయమన్నా పలక నిండా ఏవేవో రాసేది. ముప్ఫై మూడు రాయమంటే 20 12 1 అని రాసేది. పాత నోట్సు తిరగేస్తే నిండా ఎర్ర ఇంటూలే. 'మందబుద్ధి' అని ఎవరూ రాయలేదు గానీ అందరూ అలాగే అనుకున్నారు.

ఆ రోజు నెట్‌వర్క్ పోయింది. మామూలుగా అన్నాల తర్వాత ఒక పీరియడు మొత్తం ఫోన్లో హాజరు, భోజనాల లెక్క, ఫొటోలు ఎక్కించడానికే పోతుంది. ఆ రోజు ఎక్కించేది ఏమీ లేదు. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చింతపిక్కలు ముప్ఫై మూడు లెక్కపెట్టి ముందు పోశాను. కుప్పలు పెట్టు అన్నాను. ఎన్ని కుప్పలో, ఎలాగో చెప్పలేదు.

ఆ పిల్ల ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఇరవై పిక్కలు ఒక కుప్ప. పన్నెండు ఇంకో కుప్ప. మిగిలిన ఒక్కటీ విడిగా. పలక మీద రాసిందీ అదే, నేల మీద పెట్టిందీ అదే. నలభై అయిదు ఇచ్చాను. ఇరవై, ఇరవై, అయిదు. పదిహేడు ఇస్తే పన్నెండు, అయిదు.

వంట చేసే ఆమె సవరే. పిలిచి అడిగాను. "మా లెక్క అంతే గురుమా" అంది. వాళ్ల భాషలో లెక్క పది దగ్గర ఆగదు, పన్నెండు దాకా వెళ్తుంది. ఆ పైన పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు, అలా పంతొమ్మిది దాకా. తర్వాత ఇరవై. ఇరవై మీద మళ్లీ ఒకటి నుంచి పన్నెండు. ఆ ప్రకారం ముప్ఫై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఆ పిల్ల రాసిన ప్రతి అంకె సరైనదే. మూడేళ్లుగా సరైన జవాబులకి ఆ పిల్ల ఇంటూలు తింటూ వచ్చింది.

ఇరవై కుప్పని మధ్యలో చీపురుపుల్లతో రెండుగా విడగొట్టి, ఇది పది, ఇది పది అని చూపించాను. ఒక కుప్ప చూపిస్తే రెండోది తనే విడగొట్టింది. ఆ వారం అయ్యేసరికి రెండంకెల కూడికలు చేసింది, చేతిలో ఒకటి ఉంచుకునేవి కూడా. అమ్మతో సంతకి వెళ్లి కొండచీపుర్లు అమ్మేటప్పుడు డబ్బు లెక్క తనే చూస్తోందని తర్వాత వాళ్లమ్మ చెప్పింది.

ఆ రోజు సాయంత్రం బస్సు దొరక్కపోతే కాశీనగర్ రోడ్డు మీద రెండు మైళ్లు నడిచాను. అలసటే తెలియలేదు. ఏ ప్రమోషన్ వచ్చినా అంత సంతోషం ఉండదు. తృప్తి అంటే ఇదీ అని ఎవరైనా అంటే అవును, ఇదే అంటాను.

అయితే అది ఎలా జరిగింది? నెట్‌వర్క్ లేకపోవడం వల్ల జరిగింది. ఒక టీచరు ఒక పిల్ల పక్కన రెండు పీరియడ్లు కూర్చోవడానికి టవర్ చెడిపోవలసి వచ్చింది. ఆ పిల్ల అంతకు ముందు మూడేళ్లు మా కళ్లెదుటే ఉంది. అంతకు ముందు ఆమెకి చెప్పిన టీచరు చెడ్డ మనిషి కాదు. కాంట్రాక్టు మనిషి, రెండు తరగతులు కలిపి చెప్పేవాడు, సాయంత్రం ట్యూషన్లు చెప్పకపోతే ఇల్లు గడవదు. పలక మీద 20 12 1 అని చూసి ఎందుకిలా రాసిందని ఆలోచించే బుర్ర నాలుగు గంటలకి ఆ మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఒడిశా ప్రభుత్వానికి ఈ సమస్య తెలియక కాదు. సవరతో సహా పది గిరిజన భాషల్లో మొదటి తరగతులు చెప్పే పద్ధతి 2006లోనే మొదలుపెట్టారు. ఆలోచన చాలా మంచిది. దాన్ని మొయ్యవలసిన మనిషిని మాత్రం నిలకడ లేని ఉద్యోగంలో ఉంచారు. అలాంటప్పుడు భాష తెలిసినవాళ్లు దొరికినా ఎన్నాళ్లు నిలుస్తారు?

బుధవారం గుడ్లు

ఒత్తిడి అంటే పిల్లల అల్లరి అనుకుంటారు చాలామంది. పిల్లల అల్లరి ఒత్తిడి కానే కాదు, అది మా పనిలో భాగం. అసలు ఒత్తిడి గుడ్ల దగ్గర ఉంది. మా రాష్ట్రంలో బుధవారం, శనివారం మధ్యాహ్న భోజనంలో గుడ్డు. సోమవారం, గురువారం డాల్మా, అంటే కూరగాయలు వేసిన పప్పు. గుడ్డు పెట్టడం చాలా మంచి పని, ఆ రెండు రోజులూ హాజరు పెరుగుతుంది, నా కళ్లతో చూస్తున్నాను. కానీ ట్రేలో పగిలినవి ఎన్ని, పాడైనవి ఎన్ని, వచ్చిన పిల్లలెంతమంది, బజారు ధరకీ ఆఫీసు ఇచ్చే ధరకీ తేడా ఎంత, ఆ తేడా ఎవరు భరించాలి అన్నది టీచరు తలనొప్పి. మా హెడ్‌మాస్టరు గారు ఒడియా సాహిత్యంలో ఎం.ఏ. ఆయన ఏడో తరగతికి పద్యం చెప్తుంటే కిటికీ బయట నిలబడి వినాలనిపిస్తుంది. బుధవారాలు ఆయన పద్యం చెప్పరు.

చదువు హక్కు చట్టం సెక్షన్ 27 టీచర్లకి చదువుతో సంబంధం లేని పనులు చెప్పకూడదంటుంది. ఎన్నికలు, జనగణన, విపత్తు సహాయం తప్ప. ఆ 'తప్ప' చిన్నదేమీ కాదు. పంచాయతీ, అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు, మధ్యలో ఓటర్ల జాబితా సవరణలు, ఇప్పుడు 2027 జనగణన. మావాళ్లలో బి.ఎల్.ఓ. పని, అంటే బూత్ స్థాయిలో ఓటర్ల జాబితా చూసే పని ఉన్నవాళ్లకి ఏడాది పొడుగునా ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఇవి దేశానికి కావలసిన పనులే, ఎవరో ఒకరు చెయ్యాలి. మా వైపు కొండ ఊళ్లు తెలిసిన, చదవను రాయను వచ్చిన, చెప్తే కాదనలేని మనిషి టీచరొక్కరే కాబట్టి ప్రతిదీ మా దగ్గరికే వస్తుంది.

దీని మీద ఇప్పుడు టెట్ టెన్షన్. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిటైర్మెంటుకి ఐదేళ్లకి మించి సర్వీసున్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఎప్పుడో టెట్ అనే పరీక్షే లేని రోజుల్లో చేరినవాళ్లు కూడా. నా తోటి టీచరు ఒకాయనకి యాభై దాటింది. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడి కోచింగ్ సెంటర్లోనే మెటీరియల్ కొనుక్కుని, అన్నాల బెల్లు కొట్టగానే మెట్ల మీద కూర్చుని శిశు వికాసం బిట్లు చదువుతున్నాడు. టీచర్లకి అర్హత ఉండాలన్న మాటని నేను కాదనను. ఆ పరీక్ష పాసైన కొత్తవాళ్లలో చాలా చురుకైనవాళ్లు ఉన్నారు. కానీ ఇరవై ఏళ్లుగా ఆ మనిషి చేత చదువు చెప్పించుకుని, ఇప్పుడు నీకు చెప్పడం వచ్చో రాదో తేల్చాలి అంటే ఆయన మనసెలా ఉంటుంది? పిల్లలు ఆయన్ని అడిగారట, "సార్, మీకు కూడా పరీక్షా?" అని. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం తరగతిలో ఆయన గొంతు వినబడలేదు.

గిడుగు వారి లెక్క

ఇప్పుడు సభలో విన్న మాటకి వస్తాను. గిడుగు వారు 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకి 30 రూపాయల జీతానికి చేరారు. చరిత్ర చెప్పేవారు. సవరలు పడుతున్న కష్టం చూసి, ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకుని, వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. నాకు చింతపిక్కల రోజున తెలిసిన ఆ పన్నెండు, ఇరవై లెక్క ఆయనకి నూరేళ్ల కిందటే తెలుసు. మద్రాసు ప్రభుత్వం ఆయన పనికి మెచ్చి డబ్బు ఇవ్వబోతే, దాంతో సవరలకి బడి పెట్టండి అన్నారు. ఇదంతా మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, సభల్లో ఏటా చెప్తారు.

చెప్పకుండా వదిలేసేది ఒకటుంది. తను పెట్టిన బడుల్లో పనిచేసిన టీచర్లకి ఆయన తన సొంత డబ్బుతో జీతాలు ఇచ్చారు. నేను వద్దన్నాను కదా, మీరూ సేవ అనుకుని చెయ్యండి అని ఆయన వాళ్లతో అనలేదు. తనకి వచ్చేది వదులుకోవడం ఆయన ఇష్టం. వాళ్లకి రావలసింది ఇవ్వడం ఆయన బాధ్యత. ఈ రెండిటినీ ఆయన ఎక్కడా కలపలేదు. మైకు ముందు నిలబడి వేరేవాళ్ల జీతం వదులుకోమని చెప్పేవాళ్లు ఆయన పేరు చెప్పి ఆయన చేసినదానికి సరిగ్గా ఎదురుది అడుగుతున్నారు.

మా చిన్నప్పుడు మాకు చెప్పిన మాస్టారు ఒకాయన ఇంకా ఉన్నారు, ఎనభై దాటాయి. ఈ మాటే ఆయన దగ్గర అంటే ఒప్పుకోలేదు. "మాకు మాత్రం ఎంతిచ్చారమ్మా? పస్తులుండి చెప్పాం. ఇప్పటికీ ఎవడో ఒకడు ఫోన్ చేసి మాస్టారూ బాగున్నారా అంటాడు. అది చాల్దా?" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. దుబాయ్ నుంచి, సూరత్ నుంచి ఆయనకి ఫోన్లు వస్తాయి. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి పాత శిష్యులే వస్తారు.

"మాస్టారూ, మీ జీతం తక్కువే. కానీ ఒకటో తారీఖుకి వచ్చేదా?" అని అడిగాను.

"వచ్చేది. తప్పేది కాదు."

"రిటైరయ్యాక?"

"పెన్షన్ వస్తోంది కదమ్మా."

"మిమ్మల్ని ఎప్పుడైనా వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియదన్నారా?"

ఆయన మాట్లాడలేదు. ఒడిశాలో 2005 జనవరి 1 తర్వాత చేరినవాళ్లకి పాత పెన్షన్ లేదు. 2023 సెప్టెంబరులో ప్రైమరీ టీచర్లు బడులు మూసి రోడ్డెక్కినప్పుడు అడిగినవాటిలో అదొకటి, కాంట్రాక్టు పద్ధతి ఎత్తెయ్యడం ఇంకొకటి. అప్పుడు నాకూ ఇబ్బందిగానే అనిపించింది. తాళం వేసిన బడి గేటు దగ్గర పిల్లలు భోజనం ఉందేమోనని నిలబడటం నేను చూశాను. సమ్మె చెయ్యకుండా ఉండలేం, చేస్తే దెబ్బ తగిలేది ఆ పిల్లలకే. ఈ చిక్కుకి నా దగ్గర ఇప్పటికీ పరిష్కారం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. మాస్టారి జీతం చిన్నదే, కానీ అది కదలకుండా నిలబడింది. ఆ నిలకడ ఉంది కాబట్టే ముప్ఫై ఏళ్లు ఒకే ఊళ్లో ఉండి అన్నదమ్ములకీ, వాళ్ల పిల్లలకీ కూడా చదువు చెప్పగలిగారు. ఆ ఫోన్లు ఆ ముప్ఫై ఏళ్ల నుంచి వస్తున్నాయి. ఏడాదికో బడి మారే పిల్లకి అలాంటి ఫోన్లు ఎవరు చేస్తారు?

నన్ను అడిగిన పిల్ల

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఇంకో కారణం ఉంది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి సి.టి. పూర్తిచేసి, ఓటెట్ పాసైంది. "గురుమా, ఏం చెయ్యమంటారు?" అని వచ్చింది. తెలుగు, ఒడియా రెండూ చదవడం రాయడం వచ్చు, సవర కొద్దిగా మాట్లాడుతుంది. మా బడులకి సరిగ్గా కావలసిన మనిషి. ముందు మూడు దారులున్నాయి. ఇక్కడ కాంట్రాక్టు పోస్టుకి పరీక్ష రాయడం. విశాఖపట్నంలో హాస్టల్ ఉన్న ఒక పెద్ద ప్రైవేటు స్కూల్లో చేరడం. అక్కడ జీతం కొంచెం ఎక్కువ, పొద్దున్న స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా డ్యూటీ. మూడోది చదువుతో సంబంధం లేని ఉద్యోగం, ఒక ఫైనాన్స్ కంపెనీలో. ఆంధ్రాలో డీఎస్సీ రాద్దామంటే అక్కడ నాన్‌లోకల్.

వాళ్లమ్మకి ఫైనాన్స్ కంపెనీ ఇష్టం. "పెళ్లివారు ఒకటే అడుగుతున్నారు టీచరమ్మా, పర్మినెంటా కాదా అని" అంది. ఆమెని తప్పుపట్టలేను.

సభల్లో చెప్పే మాట నేను ఆ పిల్లకి చెప్పలేదు. ఇక్కడి పోస్టుకే రాయమన్నాను, ఎందుకు రాయాలో, వస్తే ఏం భరించాలో రెండూ చెప్పాను. జీతం ఆలస్యమైతే అడుగు, రాసి అడుగు, కాపీ దాచుకో అన్నాను. చేరిన నెలలోనే సంఘంలో చేరమన్నాను. సాయంత్రం ట్యూషన్లు చెప్పుకోవలసి వస్తే చెప్పుకో, దానికి సిగ్గుపడకు, కానీ మన బడి పిల్లల దగ్గర డబ్బు తీసుకోకు అన్నాను. నీకు సంతోషం కలిగిన రోజులు తప్పకుండా ఉంటాయి, వాటిని చూపించి ఎవరైనా నీ జీతం గురించి మాట్లాడనివ్వకపోతే అక్కడే ఆపి, ఆ రెండూ వేరని చెప్పు అన్నాను.

అంతా విని, "మరి నేను వేరే ఉద్యోగానికి వెళ్తే మీకు కోపమొస్తుందా?" అంది. రాదని చెప్పాను. అది నిజం. బాధ మాత్రం వేస్తుంది. తనలాంటి పిల్ల బడికి రాకపోతే 20 12 1 రాసే పిల్లల పక్కన ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. అది ఆ అమ్మాయి తప్పు మాత్రం కాదు. ఆమెని బడిలో నిలబెట్టుకోవలసిన పూచీ ప్రభుత్వానిది, దాన్ని అడగవలసిన పూచీ మాది, రెగ్యులర్ టీచర్లది.

పత్రాలన్నీ తీసుకుని ఆదివారం రమ్మన్నాను. వాళ్ల నాన్నతో కూడా మాట్లాడతానన్నాను. ఆయన కూడా హైదరాబాదు నుంచి ఈ వారంలోనే వస్తున్నాడట.